ఎత్తు, పైఎత్తు, దొంగఎత్తు

తెలుగులో 'ఎత్తు' అన్న మాటకు చదరంగంలో కాయను కదపడం అని ఒక అర్థం, పన్నాగం అని మరొక అర్థం. ఎదుటివాడి ఎత్తుకు మనం వేసేది పైఎత్తు. రాజుకు తప్పించుకొనే దారి లేకపోతే ఆటకట్టు. ఈ మాటలన్నీ ఎప్పుడో బల్ల దిగి మన సంసారాల్లోకి, రచ్చబండల్లోకి, రాజకీయాల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. అయితే నిఘంటువుల్లో లేని మూడవ మాట ఒకటి గత ముప్ఫై ఏళ్ళలో అవసరపడింది. తన బుద్ధితో కాక, చాటున ఉన్న యంత్రం చెప్పగా వేసే ఎత్తుకు ఏమని పేరు? నేను దానిని 'దొంగఎత్తు' అని పిలుచుకుంటున్నాను. దాని చరిత్రను, దానిని పట్టుకొనే విద్య చరిత్రను నాకు తెలిసినంతలో పాఠకమిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట ఆటే కదా, దీనికింత చర్చ ఎందుకు అని అడిగేవారుంటారు. తెలుగునేలకు చదరంగం ఇప్పుడు కేవలం కాలక్షేపం కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళ వయసులో, గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ బిరుదు పొందిన స్త్రీ మరొకరు లేరు. గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వచ్చారు. వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండవ భారతీయుడయ్యాడు. వీరిని చూసి ఊరూరా పిల్లలు పావులు పట్టుకొంటున్నారు. నగరానికి దూరంగా కొండల్లో ఉన్న పిల్లవాడికి మొదటి పందెం ఏ పట్టణపు సభామందిరంలోనో జరగదు, సెల్‌ఫోను తెర మీద జరుగుతుంది. అక్కడ 'నీవు దొంగఎత్తు వేశావు' అని తీర్పు చెప్పేది కూడా చాలావరకు యంత్రమే. కనుక ఆ తీర్పు ఎలా పుడుతుందో తెలుసుకోవడం ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ అవసరమే.

యంత్రంలో దాగిన మనిషి

ఈ కథ తలక్రిందులుగా మొదలయింది. ఇప్పుడు మనిషి చాటున యంత్రం దాగుతున్నది. మొదట యంత్రం కడుపులో మనిషి దాగాడు.

1770లో వియన్నా రాజసభలో, మహారాణి మరియా థెరిసా సమక్షంలో, వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే ఉద్యోగి ఒక బొమ్మను ప్రదర్శించాడు. తలపాగా చుట్టిన తురుష్కుడి బొమ్మ, దాని ముందొక పెట్టె, పెట్టె మీద చదరంగం. పెట్టె తలుపులు ఒక్కొక్కటిగా తీసి చూపితే లోపల పళ్ళ చక్రాలు తప్ప మరేమీ కనిపించేవి కావు. తాళంచెవి త్రిప్పగానే బొమ్మ చేయి చాచి కాయను కదిపేది. ఎంతో మందిని ఓడించేది. 1809లో నెపోలియన్ కూడా దానితో ఆడాడు. కెంపెలెన్ తర్వాత అది మేల్జెల్ అనే ప్రదర్శకుడి చేతికి వచ్చి అమెరికా చేరింది. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

రహస్యం ఏమిటంటే, పెట్టెలో జరిగే పీట మీద ఒక నేర్పరి అయిన ఆటగాడు కూర్చునేవాడు. ఒక తలుపు తీసినప్పుడు మరొక వైపుకు జరిగేవాడు. కాయల అడుగున అయస్కాంతాలుండేవి. ఏ కాయ ఎక్కడికి కదిలిందో వాటి ద్వారా తెలుసుకొని, కొవ్వొత్తి వెలుగులో తన చిన్న బల్ల మీద ఆ ఆటను నడిపేవాడు.

దీనిని పట్టే ప్రయత్నాలలో అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1836లో వ్రాసిన వ్యాసం ప్రసిద్ధం. లోపల మనిషి ఉన్నాడని పో తేల్చాడు. అది నిజం. కాని ఆయన చూపిన కారణాలలో ఒకటి, నిజమైన యంత్రమైతే ప్రతి ఆటా గెలవాలి, ఇది అప్పుడప్పుడు ఓడుతున్నది కనుక యంత్రం కాదు అన్నది. ఆ తర్కం చెల్లదు. తర్వాతి కాలంలో వచ్చిన నిజమైన యంత్రాలు దశాబ్దాల పాటు ఓడుతూనే వచ్చాయి. పో చూపిన మరొక కారణం మాత్రం గట్టిది. మేల్జెల్ బృందంలో ష్లుంబర్గర్ అనే మనిషి ఉండేవాడు. ప్రదర్శన జరిగేటప్పుడు అతడు ఎక్కడా కనిపించేవాడు కాదు. అతడు జబ్బుపడిన రోజుల్లో ప్రదర్శన నిలిచిపోయింది. ఇది లోకజ్ఞానం మీద ఆధారపడిన సాక్ష్యం. సరైన తీర్పుకు తప్పు కారణం తోడు కావచ్చునన్న ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

మద్రాసు, హైదరాబాదుల ఉత్తరాల ఆట

బయటి సాయం ఎప్పుడు తప్పు, ఎప్పుడు ఒప్పు? దీనికి మన ప్రాంతపు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1828-29 ప్రాంతంలో మద్రాసు, హైదరాబాదుల మధ్య ఉత్తరాల ద్వారా చదరంగం పందెం జరిగింది. ఎత్తును కాగితం మీద వ్రాసి తపాలాలో పంపడం, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూడడం. మద్రాసు పక్షాన ఆడినవారిలో గులాం కాసిం ఒకడు. అతడు జేమ్స్ కాక్రేన్‌తో కలిసి ముజియో గాంబిట్ అనే ప్రారంభ విధానం మీద 1829లో మద్రాసులో ఒక గ్రంథం ప్రచురించాడు. భారతీయుడి పేరుతో వెలువడిన తొలినాటి చదరంగ గ్రంథాలలో అది ఒకటి.

ఉత్తరాల ఆటలో ఎదుటివాడు గదిలో ఏ పుస్తకం తిరగేస్తున్నాడో, ఎవరిని సలహా అడుగుతున్నాడో ఎవరు చూడగలరు? ఊరికీ ఊరికీ పందెమంటే పదిమంది కలిసి ఆలోచించడమే. అది ఆ ఆట ధర్మం. పుస్తకం చూడడం కూడా ఉత్తరాల ఆటలో తప్పు కాదు. ఈనాడు అంతర్జాతీయ ఉత్తర చదరంగ సమాఖ్య గణకయంత్రం సాయాన్ని కూడా అనుమతిస్తున్నది. ఫలితం ఏమిటంటే, ఆ పోటీల పైస్థాయిలో ఇప్పుడు దాదాపు అన్ని ఆటలూ సమంగానే ముగుస్తున్నాయి. ఇద్దరి వెనుకా దాదాపు ఒకే బలం గల యంత్రాలు నిలబడితే గెలుపు ఎక్కడినుంచి వస్తుంది?

కనుక సాయం తనంతట తాను పాపం కాదు. ఒప్పందానికి విరుద్ధమైన సాయమే పాపం. ఎదురెదురుగా కూర్చుని గడియారం పెట్టుకొని ఆడే ఆటలో ఒప్పందం 'నా బుద్ధి, నీ బుద్ధి' అని. దానిని చాటుగా మీరడమే దొంగఎత్తు.

మనిషి చాటున యంత్రం

1997 మే నెలలో న్యూయార్కులో ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రం ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3½-2½ తేడాతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. రెండవ ఆటలో అది వేసిన ఎత్తులు మానవ బుద్ధి వలె ఉన్నాయని, వెనుక మనిషి సాయం ఉందేమోనని కాస్పరోవ్ అనుమానించాడు. తురుష్క బొమ్మ నాటి అనుమానమే మళ్ళీ వచ్చింది. కాని అది ఆ వరుసలో చివరిది. ఆ తర్వాత అనుమానం దిశ మారింది. ఈనాడు మామూలు ఫోనులో పట్టే ఉచిత యంత్రం కూడా ప్రపంచ విజేతను సునాయాసంగా ఓడించగలదు. నేటి చదరంగంలో అత్యున్నతమైన మానవ రేటింగు 2882, కార్ల్‌సన్ 2014లో అందుకొన్నది. యంత్రాల స్థాయిని 3500కు అటూ ఇటూగా లెక్కగడుతున్నారు.

దొంగఎత్తు అంతకు ముందే మొదలయింది. 1993లో ఫిలడెల్ఫియాలో జరిగిన వరల్డ్ ఓపెన్ పోటీకి ఎవరూ ఎరుగని ఒక వ్యక్తి వచ్చి, ప్రసిద్ధ గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ పేరుతో నమోదు చేసుకొన్నాడు. ఒక గ్రాండ్‌మాస్టర్‌తో ఆట సమం చేశాడు. బహుమానం ఇచ్చే వేళ నిర్వాహకులు ఒక చిన్న సమస్య ఇచ్చి సాధించమంటే సాధించకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు.

మన దేశంలో 2006లో ఢిల్లీలో జరిగిన పోటీలో ఒక ఆటగాడి టోపీలో కుట్టిన బ్లూటూత్ పరికరం దొరికింది. బయట ఉన్న సహచరులు యంత్రం చెప్పిన ఎత్తులు అతడికి చేరవేశారు. అఖిల భారత చదరంగ సమాఖ్య పదేళ్ళ నిషేధం విధించింది. 2010 ఒలింపియాడ్‌లో ఒక ఐరోపా జట్టు విషయంలో ఇంకా చతురమైన పద్ధతి బయటపడింది. దూరాన ఉన్న ఒకడు యంత్రం చెప్పినది సంక్షిప్త సందేశంగా పంపుతాడు. జట్టు నాయకుడు సభలో నడుస్తూ ఫలానా బల్ల వెనుక నిలబడితే అది ఫలానా గడి అని సంకేతం. 2015లో దుబాయిలో ఒక గ్రాండ్‌మాస్టర్ ఆట మధ్యలో మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళుతుంటే, అక్కడ దాచిన ఫోను దొరికింది. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో 58 ఏళ్ళ మరొక గ్రాండ్‌మాస్టర్ అదే విధంగా దొరికాడు. ఇద్దరి బిరుదులూ పోయాయి.

ఇవన్నీ వస్తువు దొరికిన కేసులు. టోపీ దొరికింది, ఫోను దొరికింది. తగవు లేదు. అంతర్జాలంలో ఆడేటప్పుడు దొరకడానికి వస్తువే లేదు. ఆటగాడు తన ఇంట్లో ఉన్నాడు, పక్కన మరొక తెర ఉండవచ్చు. మిగిలిన సాక్ష్యం అంతా ఎత్తుల్లోనే ఉంది.

ఎత్తులను లెక్కించే విద్య

ఎత్తుల్లో సాక్ష్యం ఎలా వెతుకుతారు? మొదటి కొలత తప్పు పరిమాణం. ప్రతి స్థితిలోనూ అత్యుత్తమమైన ఎత్తుకూ, ఆటగాడు వేసిన ఎత్తుకూ మధ్య తేడాను బంటు విలువలో నూరో వంతుగా కొలుస్తారు. ఆట మొత్తానికి సగటు తీస్తారు. ఈ సగటు ఎంత తక్కువైతే ఆట అంత నిర్దుష్టం. కాని ఇది ఒక్కటే చాలదు. ఎదుటివాడు తొందరగా చెడగొట్టుకొంటే సులభమైన ఎత్తులతోనే గెలవవచ్చు. అప్పుడు పదేళ్ళ పిల్లవాడి ఆట కూడా నిర్దుష్టంగా కనిపిస్తుంది.

రెండవది కాలం. మనిషి సులభమైన చోట వెంటనే కదుపుతాడు, చిక్కు వచ్చిన చోట ఆగుతాడు. ఎదుటివాడు తన మంత్రిని తిన్నప్పుడు తిరిగి ఆ కాయను తినడానికి ఆలోచన అక్కరలేదు. అక్కడా ఏడు సెకన్లు, పదిమంది పండితులు తర్జనభర్జన పడే చోటా ఏడు సెకన్లు తీసుకొనేవాడు మధ్యలో మరొకరిని అడుగుతున్నాడేమోనని అనుమానం రావడం సహజం.

మూడవది, అన్నిటికన్నా శాస్త్రీయమైనది, బఫెలో విశ్వవిద్యాలయంలో గణకశాస్త్ర ఆచార్యుడూ, స్వయంగా అంతర్జాతీయ మాస్టరూ అయిన కెన్నెత్ రీగన్ అభివృద్ధి చేసిన పద్ధతి. ఇన్ని పాయింట్ల రేటింగు గల ఆటగాడు ఇటువంటి స్థితిలో యంత్రం మొదట ఎంచే ఎత్తును నూటికి ఎన్నిసార్లు వేస్తాడు అన్నది వేలాది పాత ఆటల నుంచి అంచనా వేస్తాడు. కంఠస్థమైన ప్రారంభ ఎత్తులను, గెలుపు తేలిపోయిన తర్వాతి ఎత్తులను తీసివేస్తాడు. ఆ అంచనాకూ అసలు ఆటకూ మధ్య తేడా ఎన్ని ప్రమాణ విచలనాలో చెబుతాడు. తేడా 3 విచలనాలైతే అది కాకతాళీయంగా జరిగే అవకాశం సుమారు 740లో ఒకటి. 4 అయితే 31,500లో ఒకటి. 5 అయితే 35 లక్షల్లో ఒకటి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. 740లో ఒకటి అంటే చాలా అరుదు అనిపిస్తుంది. కాని ఒక పోటీలో 7,400 మంది ఆడితే, అందరూ సత్యసంధులే అయినా పదిమంది ఆ గీత దాటుతారు. మరొక విధంగా చూద్దాం. 10,000 మంది ఆడారు, వారిలో 100 మంది దొంగలు అనుకొందాం. మన పరీక్ష నూరుగురు దొంగల్లో 90 మందిని పట్టగలదు, నిర్దోషుల్లో నూటికి ఒక్కరి మీద మాత్రమే పొరపాటున వేలు చూపుతుంది అనుకొందాం. మంచి పరీక్షే అనిపిస్తుంది. నిర్దోషులు 9,900 మంది, వారిలో 99 మంది మీద నింద పడుతుంది. వేలు చూపబడిన 189 మందిలో సగానికి పైగా నిర్దోషులు! పరీక్షను పదివేలకు ఒక్క పొరపాటు స్థాయికి బిగిస్తే తప్ప ఈ అన్యాయం తొలగదు. బిగిస్తే కొందరు దొంగలు తప్పించుకొంటారు. ముఖ్యంగా ఆటలో ఒకటి రెండు కీలక సమయాల్లో మాత్రమే యంత్రాన్ని అడిగే మేటి ఆటగాడు ఈ వలకు చిక్కడం కష్టం. ఈ రెండు అన్యాయాల్లో ఏది ఎంత భరించాలి అన్నది గణితం చెప్పదు. దానిని ధర్మం తెలిసినవాళ్ళు నిర్ణయించాలి.

పండితుల దగ్గర ఉన్న విద్య

ఈ పద్ధతి తెలుగు పండితుడికి కొత్త కాదు. క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న వాదం విననివారుండరు. గ్రంథం వల్లభరాయుడి పేర ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అది శ్రీనాథుడి రచనే అని వాదించారు. శైలి చూశారు, పదబంధాల పోలికలు చూశారు. ఆ పోలికలు బలమైనవే. అయినా కాదనేవారు కాదంటూనే ఉన్నారు. తరాలు గడిచినా ఆ వాదం తెగలేదు. శైలి పోలిక అనుమానానికి చాలుతుంది, తీర్పుకు చాలడం కష్టం. కవి విషయంలో ఆ జాప్యం వల్ల ఎవరి బ్రతుకూ చెడలేదు. పదిహేనేళ్ళ ఆటగాడి విషయంలో అలా అనలేము.

మరి తీర్పు ఎలా? దానికీ మనవాళ్ళు ఒక దారి వేశారు. పూర్వపు అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేదని చాలామంది మరచిపోయారు. అవధాని ఒకవైపు పద్యం చెబుతూ మరొకవైపు కాయలు కదిపేవాడు. అవధానాల మీద కూడా పాత అనుమానం ఒకటుంది. ప్రశ్నలు ముందే తెలుసునేమో, పద్యాలు ఇంట్లో వ్రాసుకొని వచ్చాడేమో అని. దానికి విరుగుడు, నా దృష్టిలో, నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతున్నదో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని మరొక అక్షరం వేసుకొని, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా ముందుకు సాగాలి. ఇంట్లో వ్రాసి తెచ్చిన పద్యం రెండవ అక్షరం దగ్గరే కూలిపోతుంది.

అంటే జరిగిపోయిన దానిని తవ్వి దోషం వెతకడం కన్నా, సభాముఖంగా మళ్ళీ చేసి చూపే అవకాశం ఇవ్వడం మేలు. 1993లో ఫిలడెల్ఫియా నిర్వాహకులు ఆ అపరిచితుడికి ఇచ్చిన చిన్న సమస్య అటువంటిదే. నిర్దోషికి అది వరం, దొంగకు గండం. నేటి అంతర్జాల పోటీలలో పైస్థాయి ఆటగాళ్ళను కెమెరాల ముందు, తెరను అందరికీ చూపుతూ ఆడించడం కూడా ఈ దారిలోనిదే.

మన్యంలో ఒక ఫోను

ఇక మా కొండల సంగతి. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాల్లో నేను పాఠాలు చెప్పిన ఊళ్ళలో పులి-మేక ఆట చూశాను. బండ మీద బొగ్గుతోనో సుద్దతోనో గీతలు గీసి, 3 పులులు, 15 మేకలు పెట్టి ఆడతారు. ఆడేది ఇద్దరు, ఆలోచించేది ఆరుగురు. 'అటు కాదురా, ఇటు కట్టు' అని పక్కవాడు మేకను జరిపేస్తాడు కూడా. ఎవరూ దానిని తప్పుగా భావించరు. సంతకు వచ్చిన పెద్దలు సైతం నిలబడి ఒక ఎత్తు చెప్పి పోతారు. అది ఊరి ఆట. ఊరంతా ఆడుతుంది.

2020లో మహమ్మారి వల్ల ఆశ్రమ పాఠశాలలు మూసివేయగా పిల్లలు ఊళ్ళకు చేరారు. ఊరికి ఒకటో రెండో మంచి ఫోన్లు. సిగ్నలు కావాలంటే కొండ ఎక్కాలి. ఒక ఊళ్ళో ముగ్గురు పిల్లలు, ఒకే ఫోను, అందులో చదరంగం సైటులో ఒకే ఖాతా. పెద్దవాడు బాగా ఆడేవాడు, చిన్నవాడు అప్పుడే గుర్రం నడక నేర్చుకొన్నవాడు. వంతులవారీగా ఆడేవారు, చిక్కు వస్తే ముగ్గురూ కలిసి ఆలోచించేవారు. కొన్ని వారాలకు ఆ ఖాతా మూతపడింది. నియమోల్లంఘన అని ఒక వాక్యం వచ్చింది, ఏ నియమమో అందులో లేదు. పెద్దవాడు ఫోను నాకు చూపించి, "మాస్టారూ, మేం ఏ యంత్రాన్నీ అడగలేదు. మేమే ఆడినాం. ఇది దొంగతనం ఎలా అయింది?" అని అడిగాడు.

నేను వాడికి రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఆ ఆట ఒప్పందంలో ఇతరుల సలహా కూడా నిషేధమే, యంత్రం కానక్కరలేదు. పులి-మేకలో ధర్మమైనది అక్కడ అధర్మం. ఆ తేడా తెలుసుకొని, ఎవరి ఖాతా వారే తెరచుకోవాలి. రెండవది, నీవు దొంగవు కాదు. నియమం తెలియక తప్పడం వేరు, తెలిసి మోసగించడం వేరు. మొదటి మాటను వాడు వెంటనే ఒప్పుకొన్నాడు. రెండవ మాట మీదనే వాడికి నమ్మకం కుదరలేదు. "మరి ఫోనులో అలా రాదే" అన్నాడు.

ఈ సంగతిని నేను ఆ సైటు మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఒక ఖాతాలో ముగ్గురి చేతులుంటే బలం ఒకనాడు అలా, ఒకనాడు ఇలా కనిపిస్తుంది. లెక్క గట్టే యంత్రానికి అది అనుమానాస్పదమే. నేను అనేదేమిటంటే, పట్నంలో గదికొక పిల్లవాడు, పిల్లవాడికొక పరికరం ఉంటాయనుకొని వ్రాసిన నియమాలు ఇవి. కొండల్లో జీవితం అలా లేదు. తీర్పు సరైనదే కావచ్చు, తీర్పు చెప్పే తీరు మాత్రం విద్యార్థికి చెప్పే తీరుగా ఉండాలి.

సిగ్నలు సంగతి కూడా చిన్నది కాదు. 2020 ఆగస్టులో ఫిడే తొలిసారి అంతర్జాలంలో నిర్వహించిన ఒలింపియాడ్‌లో మన జట్టులో హరికృష్ణ, హంపి, హారిక ముగ్గురూ ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో అర్మేనియా ఆటగాడి సంబంధం తెగిపోయి ఆట పోయింది. వారి అప్పీలును తోసిపుచ్చారు, వారు పోటీనుంచి తప్పుకొన్నారు. ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా ప్రపంచవ్యాప్తంగా అంతర్జాల సేవలకు అంతరాయం కలిగి మన ఆటగాళ్ళిద్దరికి సంబంధం తెగింది. అప్పీలు విన్న ఫిడే అధ్యక్షుడు రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించాడు. దేశాల జట్లకే తీగ తెగితే తీర్పు ఇంత కష్టమైతే, గాలివానకు టవరు ఆగిపోయే కొండ ఊళ్ళో పిల్లవాడి సంగతి చెప్పేదేముంది?

నింద అనే ఎత్తు

దొంగఎత్తును గురించి ఎంత చెప్పుకొన్నామో, తప్పుడు నిందను గురించీ అంత చెప్పుకోవాలి. 2006లో ఎలిస్తాలో ప్రపంచ విజేత పోటీ జరుగుతుండగా టొపలోవ్ పక్షంవారు క్రామ్నిక్ మరుగుదొడ్డికి అదే పనిగా వెళుతున్నాడని ఆరోపించారు. నిర్వాహకులు ఆ గదికి తాళం వేశారు. క్రామ్నిక్ నిరసనగా అయిదవ ఆట ఆడలేదు, ఆ పాయింటు పోయింది. చివరికి పోటీ గెలిచాడు. ఏ ఆధారమూ దొరకలేదు. రీగన్ ఈ పరిశోధనలోకి దిగడానికి కారణం ఆ గొడవే.

2022 సెప్టెంబరులో సెయింట్ లూయీలో నీమన్ చేతిలో ఓడిన కార్ల్‌సన్ మరునాడు పోటీనుంచి తప్పుకొన్నాడు. కొద్ది రోజులకు జూలియస్ బేర్ పోటీలో నీమన్‌తో ఆట రాగానే ఒక్క ఎత్తు వేసి ఓటమి ఒప్పుకొన్నాడు. ఆ పోటీ ఫైనల్లో కార్ల్‌సన్‌కు ఎదురుగా కూర్చున్నది మన అర్జున్ ఇరిగేశి. ఇరిగేశి ఫైనలుకు చేరాడన్న వార్త ఆ రభసలో ఎందరికి వినిపించిందో! చిన్నతనంలో అంతర్జాలంలో మోసం చేశానని నీమన్ ఒప్పుకొన్నాడు. అతడు వందకు పైగా అంతర్జాల ఆటల్లో మోసం చేసి ఉండవచ్చునని చెస్ డాట్ కామ్ 72 పుటల నివేదిక ఇచ్చింది. బల్ల ముందు ఆడిన ఆటలో మోసానికి ఆధారం మాత్రం దొరకలేదు. వ్యాజ్యం నడిచి 2023 ఆగస్టులో రాజీ కుదిరింది. సరైన కారణం లేకుండా పోటీ వదిలినందుకు ఫిడే 2023 డిసెంబరులో కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా విధించింది. చిన్ననాటి దోషం నిజమే, ఆనాటి ఆట మీద నింద నిరూపణ కాలేదు. రెండు మాటలూ ఒకేసారి పట్టుకొని నిలబడడం లోకానికి ఎందుకో కష్టం.

అంతకన్నా విషాదం తర్వాత వచ్చింది. ఎలిస్తాలో నిందకు గురైన ఆ క్రామ్నిక్కే, పదిహేడేళ్ళ తర్వాత, అంతర్జాలంలో పలువురు ఆటగాళ్ళ మీద బహిరంగంగా అనుమానాలు వ్యక్తం చేయడం మొదలుపెట్టాడు. వారిలో అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరోడిట్‌స్కీ ఒకడు. మంచి బోధకుడిగా ప్రపంచమంతటా పిల్లలకు ప్రీతిపాత్రుడు. ఏ సంస్థా అతడిని దోషి అనలేదు. 2025 అక్టోబరులో 29 ఏళ్ళకే అతడు మరణించాడు. ఒక మరణానికి ఇదే కారణమని నేను అనను, అనకూడదు కూడా. కాని చివరి రోజుల్లో అతడి మీద ఆ నింద బరువు ఉండినదన్నది చదరంగ లోకమంతా ఎరిగినదే. క్రామ్నిక్ బహిరంగ వ్యాఖ్యల విషయాన్ని ఫిడే తన నీతి సంఘానికి అప్పగించింది.

ఒకప్పుడు నిందపడ్డవాడికి నింద బరువు తెలియాలి. తెలిసీ తానే మరొకరి మీద దానిని వేయగలడంటే, అది మనిషి బలహీనత. అందుకే తీర్పును వ్యక్తుల అనుమానాలకు కాక పద్ధతికి అప్పగించాలి. అనుమానం రహస్యంగా నమోదు కావాలి. గణితం దానిని తూచాలి. గణితం ఒక్కటే కాక కాలం, పరిస్థితి, సాక్ష్యం కలవాలి. నిందితుడికి కారణం చెప్పాలి, మళ్ళీ ఆడి చూపే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాతే పేరు బయటికి రావాలి.

అంతకు ముందు మనం చేయవలసిన పని ఒకటుంది. పిల్లలకు ఏనుగు నడక, శకటు నడక నేర్పే రోజునే, ఏది ఎవరి బుద్ధి అన్న తేడా కూడా నేర్పాలి. ఆట అయ్యాక యంత్రాన్ని అడిగి తప్పులు దిద్దుకోవడం చదువు. ఆట మధ్యలో అడగడం మోసం. యంత్రం ఒకటే, ఎత్తు ఒకటే, గడియారం ఆగిందా నడుస్తున్నదా అన్నదే తేడా. మా ఊరి పిల్లలకు ఈ మాట అర్థమయింది. ఇప్పుడు ముగ్గురికీ మూడు ఖాతాలు, ఫోను మాత్రం ఒకటే.

చదరంగం తెలిసిన మిత్రులు, ముఖ్యంగా పిల్లలకు నేర్పుతున్నవారు, తమ అనుభవాలు వ్యాఖ్యల్లో తెలియజేస్తే సంతోషిస్తాను.

స్వస్తి.